ఎర్రదారం ప్యాంటు

పలకడానికి రాని పేర్లంటే నాకు ఒళ్లు మంట. అది ఇప్పుడు వచ్చిన జబ్బు కాదు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్ ముందు కూర్చున్న మొదటి ఏడాది నుంచీ ఉంది. ఆ రోజుల్లో మాది జాబ్‌వర్క్. బళ్లారి నుంచి కత్తిరించిన గుడ్డ మూటలు మూటలుగా వచ్చేది. దానితోపాటు ఒక సంచిలో లేబుళ్లు వచ్చేవి. నడుము పట్టీ వెనకాల లేబుల్ పెట్టి నాలుగు పక్కలా కుట్టు తిప్పడం నా పని. ఒక్కో మూటకు ఒక్కో పేరు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఇంగ్లీషు చదివినవాళ్లకు కూడా అర్థం తెలియని పేర్లు. పదో తరగతి దాకా చదివాను కాబట్టి కూడబలుక్కుని చదివేదాన్ని. చదవబోతే నాలుక మడతపడేది.

పక్క మిషన్ మీద కుట్టే ఆవిడ నన్ను ఆటపట్టించేది.

"ఏమ్మే, ఈ పొద్దు ఎవుని పేరు కుడతాండావు? కట్టుకున్నోని పేరు గూడా ఇన్నిసార్లు తలుచుకొని ఉండవు గదా!"

నవ్వేదాన్ని. ఆ పేరుగలవాడు ఎవడో, ఎక్కడుంటాడో, అసలు ఉన్నాడో లేడో మా ఇద్దరికీ తెలియదు. కుట్టేది మేము, పేరు వాడిది. అయినా కూలి దొరికితే చాలుననుకునే కాలం అది. మా నాయన వచ్చి ఆ మాట అడిగేదాకా నేను కూడా దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

మా నాయనది ముదిగుబ్బ పక్క పల్లె. జీవితమంతా పంచె కట్టినవాడు. చివరి ఏళ్లలో చెనిక్కాయ పంట చేతికి రాక, వేరేవాళ్ల జీవాలు కాయడానికి ఒప్పుకున్నాడు. చెనిక్కాయంటే వేరుశనగ, జీవాలంటే గొర్రెలు, మా దిక్కు అంతే అంటాం. కంపచెట్లలో పడి తిరిగితే పంచె ఆగుతుందా? అందుకని కదిరి సంతలో ఒక జీన్స్ ప్యాంటు కొన్నాడు. నడుము వెనకాల ఇత్తడి రంగు అక్షరాల లేబులు, జేబు మీద పులి బొమ్మ. దాన్ని వేసుకుని మొదటిసారి చెనిక్కాయ పెరకడానికి చేనులో గొంతుక్కూర్చున్నాడు. కాళ్ల నడిమి కుట్టు ఈ చివర నుంచి ఆ చివరిదాకా విడిపోయింది. చేనులో ఉన్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

మరుసటి వారం సంతకు పట్టుకుపోతే అమ్మినవాడు ఒకటే మాట అన్నాడట. "నేను కుట్టినానా పెద్దాయనా? కంపెనీ కుట్టినాది. పోయి కంపెనీని అడుగు."

మా నాయన అన్న మాటను అలాగే పట్టుకునే మనిషి. అడగమన్నారు కదా అని బస్సెక్కి రాయదుర్గం వచ్చాడు. ప్యాంట్లు కుట్టే ఊరు, కూతురు ఉన్న ఊరు, కంపెనీవాడు ఇక్కడే ఎక్కడో ఉంటాడని ఆయన లెక్క.

"యాడుంటాడు పాపా ఈ కంపెనీవోడు? పేరు చదివి చెప్పు."

చదివి చెప్పాను. పలకబోయాడు, రాలేదు. ఇంకోసారి చెప్పమన్నాడు, చెప్పాను. సగం దాకా పలికి ఆగిపోయాడు. లేబులు మీద ఊరి పేరు లేదు. ఆయన ప్యాంటును మోకాళ్ల మీద పరుచుకున్నాడు.

"పేరే నోటికి రాకపోతే వాన్ని ఎట్ల తిట్టేది?" అన్నాడు.

ఆయన నవ్వులాటకు అనలేదు. నిజంగానే తిట్టడానికి మనిషి దొరకక అలిసిపోయి అన్నాడు. నేను ఆ కుట్టు విప్పి మళ్లీ కుట్టి ఇచ్చాను. తిండి తిని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ మాట మాత్రం నా చెవిలో నుంచి పోలేదు, పోనివ్వను కూడా.

తర్వాత కొన్నేళ్లకు జాబ్‌వర్క్ తగ్గింది. నేనూ నా భర్తా ధైర్యం చేసి, పాత మిషన్లు కొని, సొంతంగా కుట్టడం మొదలుపెట్టాం. నలుగురు ఆడవాళ్లు మాతో కుట్టడానికి వచ్చారు. ఫ్యాషన్ ప్యాంట్లు కుట్టేవాళ్లు ఊరినిండా ఉన్నారు. మేము పనిచేసేవాళ్ల ప్యాంట్లు కుడదామని నేను పట్టుబట్టాను. జీవాలు కాసేవాళ్లు, బోర్లు వేసే బండ్ల మీద పనిచేసేవాళ్లు, ఇళ్లు కట్టే బేల్దారులు. వాళ్లు రోజంతా వంగుతారు, లేస్తారు, గొంతుక్కూర్చుంటారు. చినిగితే అక్కడే చినుగుతుంది, కాళ్ల నడుమ. అందుకని ఆ కుట్టు రెండు వరసలు వేయాలన్నాను.

అనడం సులభమే. పీసు లెక్కన కుట్టేవాళ్లకు రెండో వరస దండగ పని. నీలం గుడ్డ మీద నీలం దారంతో కుడితే, ఒక వరస వేశారో రెండు వేశారో పైకి తెలియదు. పొద్దుగూకే వేళకు అందరి చేతులూ దొంగచేతులవుతాయి. నావి కూడా. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. పాత ఆర్డరులో మిగిలిపోయిన ఎర్రదారం కోన్లు ఒక మూల దుమ్ము పట్టి ఉన్నాయి. మిషన్‌కు పైన నీలం దారమే ఎక్కించి, రెండో వరసకు మాత్రం కింద బాబిన్‌లో ఎర్రదారం చుట్టాం. బయటికి నీలమే కనబడుతుంది. తిరగేస్తే లోపల ఎర్రటి గీత. అది ఉంటే రెండో వరస పడినట్టు, లేకపోతే లేనట్టు. చూడటానికి అద్దాలు కూడా అక్కర్లేదు.

కుట్టేవాళ్లలో పెద్దావిడ మూతి ముడుచుకుంది. "ఏమక్కా, మా మింద నమ్మకం ల్యా నీకు?"

"ల్యా. నా మింద నాకే ల్యా. నాది గూడా తిరగేసి చూడు," అన్నాను.

చూసింది కూడా. ఒకరోజు నేను కుట్టినదాంట్లో ఎర్రగీత సగానికే ఆగిపోయి ఉంటే, నా ఒళ్లో పడేసి పోయింది.

ఇక పేరు. అది తన పని అన్నాడు నా భర్త. మగవాడి పని అన్నట్టు మీసం దువ్వుకుని బళ్లారికి పోయాడు. అక్కడ లేబుళ్లు అచ్చు వేసి అమ్మే అంగళ్లు ఉన్నాయి. ఏ పేరు కావాలంటే ఆ పేరు, వందల లెక్కన అమ్ముతారు. ఒక సంచి నిండా తెచ్చాడు. సగం అమెరికా, సగం ఇటలీ, చివర రెండు జెడ్లు. "ఎట్ల ఉండాది?" అని అడిగాడు. చెప్పు చూద్దాం అన్నాను. ఆయనకు కూడా రాలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని మా నాయన అయితే ఒక్క మాటలో తేల్చేసేవాడు. నేను మాత్రం మొదటి సరుకు కదా, గొడవెందుకని వాటినే కుట్టాను.

ఆ ప్యాంట్లు కదిరిలో, ముదిగుబ్బలో, ఇంకా చిన్న చిన్న ఊళ్లలో అంగళ్లకు వేశాం. కొన్నాళ్లకు అంగడివాళ్ల దగ్గర నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఎవరూ లేబులు మీది పేరు చెప్పలేదు. "అక్కా, ఆ ఎర్రదారం ప్యాంట్లు ఇంకా కావల్ల," అనేవాళ్లు. విచారిస్తే తెలిసింది, కొన్నవాళ్లు ఉతికి ఆరేసేటప్పుడు తిరగేస్తారు కదా, లోపల ఎర్రగీత కనబడుతుంది. ఒకడు ఇంకొకడికి చెప్పేటప్పుడు అదే గుర్తు. లోపల ఎర్రదారం ఉంటాది చూడు, అది కొనుక్కో, చినగదు అని. నేను నా పనివాళ్లను పట్టుకోవడానికి పెట్టుకున్న గుర్తును వాళ్లు పేరు చేసేశారు.

ఆ రోజే మిగిలిన లేబుళ్ల సంచిని పొయ్యి దగ్గర పెట్టాను. నీళ్లు కాగడానికి పనికొచ్చాయి. తెల్లటి గుడ్డపట్టీ మీద తెలుగులో "ఎర్రదారం, రాయదుర్గం" అని అచ్చు వేయించాను. నా భర్త తల పట్టుకున్నాడు.

"తెలుగులో పేరు రాస్తే ఎవరు కొంటారే? బీడీల కట్ట అనుకుంటారు."

"బీడీ అయినా వెలగల్లా గదా. నీ రెండు జెడ్లు వెలిగినాయా?"

మూడునాళ్లు ముభావంగా ఉన్నాడు. సరుకు కదిలేసరికి మాట్లాడాడు.

ఆ తర్వాత వరసగా వానలు మొహం చాటేశాయి. చెనిక్కాయ ఎండిపోతే మా దిక్కు అంగళ్లన్నీ ఎండిపోతాయి. పల్లెల్లో మనుషులు బెంగళూరు బస్సులెక్కారు. కొత్త ప్యాంటు కొనేవాడు పాతదానికే మాటు వేయించుకున్నాడు. మా నాలుగు గోడల మధ్య మిషన్లు సగం రోజు ఊరికే ఉండేవి. కుట్టేవాళ్లు పొద్దున్నే వచ్చి, పనేమన్నా ఉందా అని నా మొహంలోకి చూసేవాళ్లు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయేదాన్ని. సరిగ్గా అప్పుడే వచ్చాడు బెంగళూరు వ్యాపారి.

మంచి మనిషే. అబద్ధం చెప్పను. వాళ్ల తాతలు ఈ ప్రాంతం వాళ్లేనట, తెలుగు బాగా మాట్లాడాడు. మా ప్యాంటు ఒకటి ఎవరి దగ్గరో చూసి వెతుక్కుంటూ వచ్చాడు. ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే. పేరు ఆయన పెట్టింది ఉండాలి. ఎర్రదారం అని ఇక మేము ఎక్కడా అమ్మకూడదు.

"కుట్టు బాగుందమ్మా. పేరే బాగోలేదు. ఎర్రదారం అంటే తాయెత్తు అమ్మినట్టుంది," అన్నాడు.

"అందరికీ తెలిసిన పేరు సార్."

"అదే ఇబ్బంది. అర్థమయ్యే పేరు పెడితే చవక సరుకు అనుకుంటారు. అర్థం కాకపోతేనే, ఏదో గొప్పది అనుకుని డబ్బులు పెడతారు."

ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అదే నాకు ఎక్కువ మండింది. నేను అన్నేళ్లు కుట్టిన లేబుళ్లన్నీ ఆ మాట మీదే కదా అమ్ముడుపోయాయి.

నా భర్త అప్పటికే ఒప్పేసుకున్నాడు. ఆదివారం ప్రార్థనలో పైకే అన్నాడు, ఇది దేవుడు పంపిన ఆర్డరు అని. ఇంటికి వచ్చే దారిలో అడిగాను.

"ఆర్డరు దేవుడు పంపినాడు సరే. పేరు మార్చమని గూడా దేవుడే చెప్పినాడా?"

"నీ మొండితనానికి నలుగురి కడుపులు మాడతాయి. నీకేం పోతాది పేరు మారిస్తే? చేతులు నీవే గదా!"

కుట్టేవాళ్లను అడిగాను. నా పక్కన నిలబడతారని ఆశ. పెద్దావిడ దారం తెంపుకుంటూ, "పని ఉంటే చాలక్కా, పేరు ఏదైతే ఏమి," అంది. తప్పు పట్టలేను. వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగాలి. ఒప్పుకుంటే నాలుగు ఇళ్లు నిలబడతాయి, మా నాయన అడిగిన మాట పడిపోతుంది. ఒప్పుకోకపోతే మాట నిలబడుతుంది, ఇళ్ల సంగతి నాకే తెలియదు. వ్యాపారి ఆలోచించుకోమని వారం గడువు ఇచ్చి వెళ్లాడు. నేను దాదాపు ఒప్పుకున్నట్టే. ఎర్రదారం అని అచ్చు వేసిన పట్టీలను అటక మీదికి ఎక్కించమని కూడా చెప్పాను.

ఇంతలో ఇంకో తలనొప్పి. అంగడివాళ్లు ఫోన్ చేసి అరవడం మొదలుపెట్టారు, ఎర్రదారం ప్యాంట్లు చినుగుతున్నాయని. మా సరుకు అయిపోయి చాలాకాలమైన అంగళ్లలో కూడా కొత్త ఎర్రదారం ప్యాంట్లు వేలాడుతున్నాయట. ఎవరు కుట్టారో నాకు తెలుసు. చెప్పను. రాయదుర్గం చిన్న ఊరు, రేపు ఎదురుపడితే మొహం చూసుకోవాలి.

వారం తర్వాత వ్యాపారి సంతకాల కాగితాలతో వచ్చి కూర్చున్నాడు. నా భర్త టీ తెప్పించాడు. టీ ఇంకా రాకముందే వాకిట్లో ఒక మనిషి నిలబడ్డాడు. మొహం నిండా దుమ్ము, భుజాన గొంగడి, నడుముకు లుంగీ, చేతిలో చుట్టచుట్టిన ప్యాంటు.

"ఎర్రదారం కుట్టేది ఎవరు ఈడ?"

"నేనే అన్నా. ఏమైనాది?" అన్నాను.

ప్యాంటు నా మిషన్ మీద విసిరికొట్టాడు. "ఏమైనాదా? ముదిగుబ్బ దిక్కు గడ్డి ల్యాక జీవాలను కాలవ కింద మేపుకుందామని ఇట్ల తోలుకొచ్చినాం. గొర్రెపిల్లను ఎత్తుకుందామని వంగితే పర్రుమని చినిగినాది. రోడ్డు మింద బస్సు నిలబడి ఉండాది. బస్సు బస్సంతా నవ్వినారు. ఎర్రదారం చినగదని మావోడు చెప్తే నమ్మినా. సంతలో కొన్న దుడ్లు పోనీ, నా మానం ఎవరిస్తారు? నీ చేతులిరగ!"

ప్యాంటు తిరగేశాను. ఎర్రదారం ఉంది, ఒకటే వరస. పీచులాంటి దారం, వేలు దూరేంత ఎడం కుట్లు. నడుము పట్టీ మీద మా ఊరి పేరు లేదు, ఎర్రదారం అని మాత్రం ఉంది. పైన పటారం, లోన లొటారం. నా భర్త ఒక్క చూపులోనే కనిపెట్టాడు.

"ఇది మాది కాదు అన్నా. ఎవురో దొంగపేరుతో కుట్టినారు. మాకూ దీనికీ సంబంధం ల్యా."

"ఎర్రదారం ల్యా దాంట్లో? కండ్లు కనపడల్యా నీకు? ఊరంతా అడిగితే అందరూ ఈ ఇల్లే చూపించినారు."

వ్యాపారి కాగితాలు సర్దుకుంటూ నాతో మెల్లగా అన్నాడు. "చూశారా అమ్మా. సులువు పేరు పెడితే ఇదే వచ్చేది. ఎవడైనా ఎత్తుకుపోతాడు, తిట్లు మీకు మిగులుతాయి."

అప్పుడు నాకు మా నాయన మోకాళ్ల మీద పరుచుకున్న ప్యాంటు కళ్లకు కట్టింది. ఆయన బస్సెక్కి ఇంతదూరం వచ్చినా తిట్టడానికి మనిషి దొరకక వెళ్లిపోయాడు. ఈయనకు దొరికింది. అందరూ ఈ ఇల్లే చూపించారు. అంత కోపంలోనూ నాకు ఎక్కడలేని బలం వచ్చింది. ఇందాకటి దాకా తల వంచుకుని కూర్చున్నదాన్ని, లేచి మిషన్ ముందుకు జరిగాను.

ఆ దొంగకుట్టు మొత్తం విప్పాను. నీలం ఒక వరస, కింద ఎర్రదారంతో రెండో వరస వేశాను. ముగ్గురు మగవాళ్లు నిలబడి చూస్తుంటే ఆ చోటనే కుట్టాను. ప్యాంటు ఆయన చేతికిచ్చి, "గుంజి చూడు," అన్నాను.

సంతలో గొర్రెను కొనేవాళ్లు ముందు దాని నడుము మీద బొటనవేలు పెట్టి నొక్కి చూస్తారు, కండ ఉందా లేదా అని. ఆయన అచ్చం అలాగే కుట్టు వెంట బొటనవేలు నడిపించాడు. తర్వాత రెండు కాళ్లూ రెండు చేతులతో పట్టి గుంజాడు. మెడ నరాలు ఉబ్బాయి. కుట్టు కదల్లేదు.

"ఎంతియ్యల్ల?"

"ఏమీ వద్దు."

"ఏమి, తప్పు నీదేనని ఒప్పుకుంటాండావా?"

"తప్పు నాది కాదు. పేరు నాది."

ఆయనకు అర్థమైందో లేదో. నేను మాత్రం వ్యాపారి వైపు తిరిగాను. "సార్, మీ పేరు పెట్టి కుట్టిన ప్యాంటు చినిగిపోతే ఈయన యాడికి పోవల్ల?"

"కస్టమర్ కేర్ నంబరు ఉంటుందమ్మా, లేబులు మీదే."

జీవాలాయన ప్యాంటు మడత పెడుతూ, "ఆ నంబరులోనికి ప్యాంటు పంపీయొచ్చునా?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. కుట్టేవాళ్లు నలుగురూ ఒక్కసారి గొల్లున నవ్వారు. వ్యాపారి కూడా నవ్వాడు, పాపం. నవ్వి, "ఏమంటారు మరి?" అన్నాడు నాతో.

"నా చేతులు కావాలంటే తీసుకోండి సార్. పేరు ఇయ్యను," అన్నాను.

ఆయనకు రెండూ కలిపే కావాలి. టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. నా భర్త చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కంచం ముందు కూర్చుని అన్నం కావాలంటే గోడకు చెప్పేవాడు. మళ్లీ పాత జాబ్‌వర్క్ కోసం బళ్లారి తిరిగాడు, దొరికింది దొరికినట్టు తెచ్చాడు. కుట్టేవాళ్లలో ఒకామె మానేసి వేరే యూనిట్‌కు పోయింది. ఆమెను ఏమీ అనలేదు. ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పి ఏడిపించడం నాకు ఇష్టం లేదు. గడిచాయి.

పేరును నా ఒక్కదానికే రిజిస్టరు చేయించుకుందామని అనంతపురం పోయి ఒక ఏజెంటును అడిగాను. ఆయన పెదవి విరిచాడు. ఎర్రదారం అంటే ఎవరైనా వాడే మామూలు మాట, దాని మీద మీకొక్కరికే హక్కు ఇమ్మంటే కష్టమన్నాడు. ఏదైనా కొత్త పేరు కల్పించండి, అర్థం లేనిదైతే సులువుగా వస్తుంది అని సలహా కూడా ఇచ్చాడు. మళ్లీ అదే! అర్థం లేని పేరుకు తాళం వేస్తారట, అర్థమున్న పేరును వాకిట్లో వదిలేయాలట. సరే, వాకిట్లోనే ఉండనీ, నేనూ వాకిట్లోకే వస్తానని మనసులో అనుకుని బస్సెక్కాను.

తర్వాతి వారం కదిరి సంతకు నేనే వెళ్లాను. జీవాలు అమ్మే చోటికి దగ్గరగా గోనెపట్ట పరిచి, రెండు కర్రల మధ్య తాడు కట్టి, ప్యాంట్లన్నీ తిరగేసి వేలాడదీశాను. లోపలి భాగం బయటికి, ఎర్రటి వరసలు అందరికీ కనబడేటట్టు. గొంతెత్తి పిలిచాను.

"గుంజండప్పా! కొనకపోయినా పరవాల్యా, ఊరకే గుంజండి! నీలం ఒక వరస, ఎర్రదారం ఒక వరస ఉంటేనే నాది. ల్యాకుంటే దొంగది, నా మొగం మింద కొట్టండి!"

గుంపు కూడింది. ఉచితంగా గుంజమంటే ఊరుకుంటారా? ఇద్దరిద్దరు చెరొక కాలు పట్టుకుని ఎద్దుల్లా లాగారు. ఒక పహిల్వాను లాంటివాడు లాగితే ఒకటి చినిగింది కూడా. నడిమి కుట్టు నిలిచింది, జేబు మూల ఊడింది. అందరూ ఈలలు వేశారు. నాకు సిగ్గేసింది, కానీ దాచలేదు. ఆ ప్యాంటును తాడు మీదే వేలాడనిచ్చి, వచ్చేవారానికి జేబు మూలలు కూడా గట్టిచేసి తెస్తానని చెప్పాను. తెచ్చాను కూడా.

ఇంటికి వచ్చేసరికి చుట్టాల్లో పెద్దమనిషి ఒకాయన సిద్ధంగా కూర్చున్నాడు. "ఆడదానివి, సంతలో మొగోళ్ల ముందర ప్యాంటు తిరగేసి, ఆ చోటు చూపించి అరుస్తాండావంట. సిగ్గు ల్యా?"

"చినిగేటట్ల కుట్టినోనికి ఉండల్ల మామా సిగ్గు. నిలిచేటట్ల కుట్టినదానికి ఏంటికి?"

ఆయన మజ్జిగ తాగకుండా లేచిపోయాడు. మా మజ్జిగ మాకే మిగిలింది.

వారాలు గడిచేకొద్దీ ఒక వింత జరిగింది. కదిరిలో ఎవరు ప్యాంటు కొన్నా తిరగేసి గుంజడం మొదలుపెట్టారు. నా దగ్గరే కాదు, అద్దాల అంగళ్లలో కూడా. అంగడివాళ్లు నన్ను తిట్టిపోశారు, కొత్త ప్యాంట్లన్నీ జనం గుంజి గుంజి పాడుచేస్తున్నారని. నా చెవులకు అది పాటలా వినిపించింది. గుంజితే ఊడిపోయే దొంగ ఎర్రదారం ప్యాంట్లు ఎవరూ కొనలేదు. కొన్నాళ్లకు నా భర్త ఆ దొంగ ప్యాంటు ఒకటి పట్టుకొచ్చి నా ముందు పడేశాడు. తిరగేస్తే నీలం ఒక వరస, ఎర్రదారం ఒక వరస, గట్టిగా ఉంది.

"చూడు. పేరు ఎత్తుకపోయినారు, ఇప్పుడు కుట్టు గూడా ఎత్తుకపోయినారు. ఇంక నీకేం మిగిలినాది?"

పేరు దొంగిలించినవాడికి చివరికి కుట్టు కూడా దొంగిలించక తప్పలేదు కదా అని నేను విరగబడి నవ్వాను. కానీ ఆయన అడిగింది నిజమే. వాళ్లది మాకంటే తక్కువ ధర. గుంజితే అదీ నిలుస్తుంది, మాదీ నిలుస్తుంది. పేరు ఒకటే. ఇంక జనం నా దగ్గరికి ఎందుకు రావాలి? ఆ వారం సంతకు పోవడానికి మొదటిసారి భయం వేసింది.

అయినా వెళ్లాను. నా గోనెపట్టకు ఎదురుగా, నాలుగు అడుగుల దూరంలో, ఇంకొకడు అదే ఎర్రదారం ప్యాంట్లు తిరగేసి వేలాడదీశాడు. ధర అరిచి చెబుతున్నాడు. పొద్దున్నుంచీ జనం వాడి దగ్గరే. నేను ఒక్కటి కూడా అమ్మలేదు. మధ్యాహ్నం ఎండలో జీవాలాయన కనబడ్డాడు, అదే గొంగడి. నన్ను చూడకుండానే ఎదుటివాడి దగ్గర ఒక ప్యాంటు తీసుకుని, బొటనవేలితో కుట్టు నొక్కి, గుంజాడు. నిలిచింది. తల ఎత్తితే నేను కనబడ్డాను.

"అక్కా, ఇది గూడా నీదేనా?"

ప్యాంటు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. తిరగేసి చూశాను. ఒక్క అబద్ధం ఆడితే చాలు, దారం నాసిరకం అంటే చాలు, ఆయన నమ్మేవాడు. నోటిదాకా వచ్చింది.

"నాది కాదన్నా. బాగనే కుట్టినారు," అన్నాను.

ఆయన తల ఊపి వెనక్కి పోయాడు. డబ్బులు తీయడానికి లుంగీ మడత విప్పాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"ఏమప్పా, ఇది చినిగితే యాడికి తెచ్చియ్యల్ల?" అని ఆయన అమ్మేవాణ్ణి అడగడం వినబడింది.

"చినగదులే అన్నా."

"చినగదులే సరే. చినిగితే ఎవరిని తిట్టల్ల?"

వాడు నవ్వాడు. నవ్వి, మళ్లీ ధర అరవసాగాడు. జీవాలాయన ప్యాంటును మడత పెట్టి, తీసిన చోటే పెట్టి, నా గోనెపట్ట దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. నా ప్యాంట్లలో తనకొకటి, కొడుకుకొకటి ఏరుకున్నాడు. నాది కదా అని ఊరుకోలేదు, రెండింటినీ తిరగేసి గుంజాకే డబ్బులు ఇచ్చాడు.

"చినిగితే?" అన్నాను నేను.

"ఏముండాది, రాయదుర్గం రావల్ల, నిన్ను తిట్టల్ల."

"రా అన్నా," అన్నాను.